మాంత్రికుడికి అయిదు గవ్వలు

పిల్లలూ, మంత్రాల కథలంటే మీకు ఇష్టమే గదా? మాంత్రికుడు ఏదో గొణగగానే కొండ పగిలి దారి ఇస్తుంది. కూర్చున్న చాప ఆకాశానికి లేస్తుంది. చీమ ఏనుగవుతుంది. చదువుతుంటే ఎంత సరదాగా ఉంటుంది!

కాని ఒక సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? ఆ మాంత్రికుడికి ప్రతి మంత్రమూ ఎప్పుడంటే అప్పుడు, ఎన్నిసార్లంటే అన్నిసార్లు పనిచేస్తే కథ ఎంతసేపు నడుస్తుంది? రాజకుమార్తెను రాక్షసుడు ఎత్తుకుపోయాడు. మాంత్రికుడు మంత్రం వేసి ఆమెను తిరిగి తెచ్చాడు. అంతే, కథ అయిపోయింది! సాహసంతో బయలుదేరే రాకుమారుడికి గాని, దారి చెప్పే ముసలమ్మకు గాని, పడవ దాటించే వాడికి గాని అందులో పని లేదు.

ఈ చిక్కు కథల్లోనే కాదు, ఆటల్లో కూడా వస్తుంది. మొన్న వేసవి సెలవుల్లో మా ఇంటి అరుగు మీదనే వచ్చింది. అది ఎలా తీరిందో చెబుతాను.

నేను ముప్ఫయి ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా పని చాలించాను. మాది నెల్లూరు జిల్లాలో మైపాడు దగ్గర ఒక పల్లె. ఇంటి వెనక సరుగుడు తోపు, తోపు దాటితే సముద్రం. ఎండాకాలం వస్తే హైదరాబాదు నుంచి మనవలు వస్తారు. మొన్న వచ్చినప్పుడు, ఇంజనీరింగు చదువుతున్న మా పెద్ద మనవరాలు ఒక సంచీ నిండా రంగురంగుల పాచికలు తెచ్చింది.

ఆ పాచికలు చూసి నేనే ముందు ముచ్చటపడ్డాను. మనం వైకుంఠపాళి ఆడే పాచికకు ఆరు ముఖాలే ఉంటాయి. వీటిలో నాలుగు ముఖాలవి, ఎనిమిది ముఖాలవి, పది, పన్నెండు, ఇరవై ముఖాలవి కూడా ఉన్నాయి. అన్ని ముఖాలూ ఒకే రకంగా, భుజాలూ కోణాలూ సమానంగా ఉండి, ప్రతి మూల దగ్గరా ఒకే లెక్కన కలిసే ఘనరూపాలు లోకం మొత్తం మీద అయిదే ఉన్నాయి. వాటి ముఖాలు 4, 6, 8, 12, 20. ఆరో రూపం ఎవరూ చెయ్యలేరు. ఈ సంగతిని పూర్వం గ్రీకు దేశపు యూక్లిడ్ తన గణిత గ్రంథంలో నిరూపించాడు. ఆ అయిదూ మా మనవరాలి సంచీలో ఉన్నాయి. పది ముఖాలది మాత్రం ఆ అయిదింటి కుటుంబంలోది కాదు.

ఇక ఆట సంగతి. దీని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. డంజన్ అంటే నేలమాళిగ, డ్రాగన్ అంటే నిప్పులు కక్కే రెక్కల పాము. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికా వాళ్ళు 1974లో దీన్ని అచ్చు వేయించారు. బొమ్మ సైనికులతో బల్ల మీద యుద్ధాలాడే అలవాటులోంచి ఇది పుట్టింది. ఈ ఆటలో ఒకరు కథ నడుపుతారు. మేము ఆ మనిషిని సూత్రధారి అన్నాం. మిగిలిన వాళ్ళు తలా ఒక పాత్ర ధరిస్తారు.

“మీ ఎదట పాడుబడిన కోట ఉంది. తలుపుకు తాళం వేసి ఉంది. లోపలి నుంచి గురక వినిపిస్తున్నది. ఏం చేస్తారు?” అని సూత్రధారి అడుగుతుంది.

“నేను గోడ ఎక్కి తొంగి చూస్తాను,” అంటాడు ఒకడు. అది జరిగిందా, కాలు జారిందా అన్నది పాచిక చెబుతుంది. అంకె పెద్దదైతే జరిగినట్టు, చిన్నదైతే జరగనట్టు. ఇందులో ఒకరి మీద ఒకరు గెలవటం అంటూ లేదు. అందరూ కలిసి గండం గడవాలి, అంతే.

మా అరుగు మీద నలుగురు పిల్లలు ఆడారు. మా మనవడికి పదమూడేళ్ళు. వాడు మాంత్రికుడు. వాడి చెల్లెలు విలుకత్తె. పక్కింటి కుర్రవాడు కత్తివీరుడు. నాలుగో పిల్ల సముద్రం ఒడ్డున పాలెం నుంచి వచ్చేది. ఆమె తండ్రి చేపల వేటకు పోతాడు. “నేను సరంగును,” అన్నదా పిల్ల. సరంగు అంటే పడవ నడిపించే నాయకుడు. గాలి పసికట్టటం, ముడులు వెయ్యటం, చీకట్లో దారి కనుక్కోవటం తన విద్యలని ఆమె కాగితం మీద రాసుకున్నది.

మొదటి రోజు ఏటి ఒడ్డుకు చేరారు. సరంగు పిల్ల ముందుకు జరిగి, “ఇక్కడ పడవ ఏదైనా...” అనబోయింది. “అక్కర్లేదు, నేను ఎగిరిపోయి తాడు కడతాను,” అన్నాడు మాంత్రికుడు. తరవాత చీకటి గుహ వచ్చింది. “నా కర్ర కొన వెలుగుతుంది,” అన్నాడు. తాళం వచ్చింది, మంత్రంతో తీశాడు. పులి వచ్చింది, నిద్రపుచ్చాడు. శక్తి అయిపోగానే, “ఇక్కడే పడుకుందాం,” అనేవాడు. ఆటలో ఒక రాత్రి గడిచిందనగానే మంత్రాలన్నీ తిరిగి వచ్చేవి. పట్టపగలు, రెండు తలుపులకు మధ్య కూడా మా వాడు గుర్రుపెట్టి నిద్రపోయాడు!

బడిపంతులు అలవాటు గదా, ఎవరెవరు ఎన్నిసార్లు పాచిక వేశారో నేను ఒక కాగితం మీద గీతలు పెడుతున్నాను. రెండు రోజులయ్యేసరికి మాంత్రికుడి పేరు కింద గీతలు వరసలు కట్టాయి. కత్తివీరుడికీ, విలుకత్తెకూ కొన్ని ఉన్నాయి. సరంగు పేరు కింద మూడంటే మూడే.

మూడో రోజున ఆ పిల్ల రాలేదు.

మర్నాడు పొద్దున నేను ఒడ్డుకు నడిచి వెళ్ళాను. ఆ పిల్ల తండ్రి వల బాగుచేసుకుంటుంటే పక్కన కూర్చుని దారం అందిస్తున్నది.

“ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?” అన్నాను.

“బాగానే ఉంది, అయ్యోరు తాతా. నేను వచ్చినా రాకపోయినా ఆట ఒకటే గదా! అన్నీ ఆ అన్నే చేసేస్తున్నాడు. ఊరికే కూర్చోవాలంటే ఇంట్లోనే కూర్చోవచ్చు,” అన్నది.

ఆ మాటలో కోపం లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. బడిలో కూడా ఇలాంటి పిల్లలను నేను చూశాను. ప్రశ్న అడగటం పూర్తికాకముందే జవాబు చెప్పేసే పిల్లవాడు తరగతికి ఒకడుంటాడు. వాడు చెడ్డవాడు కాడు, తెలివిగలవాడే. కాని కొద్ది రోజులకు మిగిలినవాళ్ళు ఆలోచించటం మానేస్తారు. ఎలాగూ వాడు చెబుతాడు కనక, వీళ్ళు కిటికీలోంచి కాకులను చూస్తారు. మా ఆటలో ఆ జబ్బే పట్టుకున్నది.

ఆ సాయంత్రం పిల్లలందరినీ కూర్చోబెట్టి గీతల కాగితం చూపించాను. ఎవరినీ ఏమీ అనలేదు. మా మనవడు ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు.

“అయితే మంత్రాలే వద్దు,” అన్నాడు కత్తివీరుడు. సరే చూద్దామని ఒక పూట మంత్రాలు తీసేసి ఆడారు. ఆట ఉప్పులేని పప్పులా ఉంది. పైగా ఇప్పుడు మా మనవడు కాళ్ళూపుకుంటూ కూర్చున్నాడు. ఒకరికి పని లేకపోవటం ఎలాగూ ఉన్నదే, మనిషి మారాడంతే!

“అందరికీ మంత్రాలిస్తే సరి,” అన్నది విలుకత్తె. అదీ చూశారు. నలుగురూ ఎగిరారు, నలుగురూ తాళాలు తీశారు. ఒకరికి వచ్చినదే అందరికీ వస్తే ఒకరిని ఒకరు సాయం అడిగే అవసరమేముంది? నలుగురూ పక్కపక్కనే కూర్చుని నాలుగు వేరువేరు ఆటలు ఆడినట్టయింది.

అప్పుడు మా పెద్ద మనవరాలు, “తాతా, మంత్రం ఉండాలి, కాని దానికి హద్దు ఉండాలి. ఇంటి నియమాలు పెట్టుకుందాం,” అన్నది.

ఇంటి నియమాలంటే కొత్తేమీ కాదు. మీరు వీధిలో క్రికెట్ ఆడతారు గదా! బంతి ఎదురింటి డాబా మీద పడితే అవుట్ అంటారు. క్రికెట్ పుస్తకంలో అలాంటి నియమం ఎక్కడా లేదు. కాని మీ వీధికి అది కావాలి. ఇంటి నియమమంటే అదే. అసలు ఆటను చెడగొట్టకుండా, ఆడేవాళ్ళకూ, ఆడే చోటుకూ సరిపోయేట్టు చేసుకున్న సర్దుబాటు.

నిజానికి ఈ ఆటను కల్పించిన వాళ్ళు కూడా మంత్రానికి హద్దు పెట్టే మొదలుపెట్టారు. 1974 నాటి పుస్తకాల్లో, కొత్తగా బయలుదేరే మాంత్రికుడికి రోజుకు ఒక్కటే మంత్రం. జాక్ వాన్స్ అనే రచయిత 1950లో వెలువరించిన “ది డయింగ్ ఎర్త్” అనే పుస్తకంలోంచి వాళ్ళు ఈ ఆలోచన తీసుకున్నారు. అందులో మాంత్రికుడు మంత్రాన్ని కష్టపడి కంఠస్థం చేస్తాడు. ఒక్కసారి పైకి చదివాడో, అది వాడి బుర్రలోంచి మాయమైపోతుంది. మళ్ళీ కావాలంటే మళ్ళీ వల్లె వెయ్యవలసిందే. ఆ తరవాత ఆట ఎన్నోసార్లు మారింది. 2014లో వచ్చిన అయిదో కూర్పులో చిన్న చిన్న మంత్రాలు ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. కనక ఇళ్ళల్లో ఆడుకునే వాళ్ళు తమకు తగిన హద్దులు తాము పెట్టుకుంటూ ఉంటారు.

మేము మా హద్దుల కోసం అంత దూరం పోనవసరం లేకపోయింది. మా నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన 13వ శతాబ్దంలో భారతాన్ని విరాటపర్వం మొదలు 15 పర్వాలు తెనిగించాడు. అందులో యుద్ధం నిండా అస్త్రాలే. అస్త్రమంటే మంత్రమే గదా! నేను పిల్లలకు ఆ కథల్లో మూడు చెప్పాను.

మొదటిది, కర్ణుడి శక్తి. కవచకుండలాలు తీసుకుని ఇంద్రుడు కర్ణుడికి ఒక శక్తిని ఇచ్చాడు. అది తప్పకుండా ఒకరిని చంపుతుంది, కాని ఒక్కసారే. తరవాత ఇంద్రుడి దగ్గరికే వెళ్ళిపోతుంది. కర్ణుడు దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. కాని పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడు కౌరవసేనను నుగ్గు చేస్తుంటే, తన వాళ్ళ మొర విని దాన్ని అతని మీద వదలవలసి వచ్చింది. ఆ రాత్రి వాళ్ళు గండం గడిచారు. కాని అర్జునుడి కోసం ఇక ఏమీ మిగల్లేదు.

రెండవది కూడా కర్ణుడిదే. పరశురాముడి శాపం వల్ల, అవసరమైన సమయానికే అతనికి అస్త్రం గుర్తుకు రాలేదు. రథచక్రం నేలలో కూరుకుపోయినప్పుడు నేర్చిన విద్య అక్కరకు రాలేదు.

మూడవది అశ్వత్థామది. అతనూ, అర్జునుడూ ఒకరి మీద ఒకరు మహాస్త్రాలు వేశారు. లోకం దగ్ధమైపోతుందని మునులు అడ్డుపడి, వెనక్కు తీసుకోమన్నారు. అర్జునుడు తీసుకున్నాడు. అశ్వత్థామకు వదలటమే వచ్చు, వెనక్కు తీసుకోవటం రాదు.

“మూడు కథల్లోనూ మూడు నియమాలున్నాయి,” అన్నాడు మా మనవడు ముందుగా. వాడే ఆ మాట అనటం నాకు సంతోషమయింది. తన మాంత్రికుడికి హద్దు గీసే పనిలో వాడు అందరికన్నా ఎక్కువ చురుకుగా దిగాడు.

పిల్లలు ఒడ్డుకు పోయి గవ్వలూ, ఒక చిన్న శంఖమూ ఏరుకొచ్చారు. మా నియమాలు ఇవి.

మొదటి నియమం: మాంత్రికుడికి ఒక శంఖం, అయిదు గవ్వలు. చిన్న మంత్రం వేస్తే ఒక గవ్వ బల్ల మధ్య పెట్టాలి. శంఖం పెద్ద మంత్రానికి. అది కర్ణుడి శక్తి లాంటిది, కథ మొత్తానికి ఒక్కసారే. గవ్వలు కళ్ళ ఎదటే ఉండటం చాలా ముఖ్యం. లెక్క బుర్రలో ఉంటే తగాదా వస్తుంది. బల్ల మీద ఉంటే రాదు.

రెండవ నియమం: రాత్రంతా నిద్రపోతే ఒక గవ్వ మాత్రమే తిరిగి వస్తుంది. అది కూడా ఎవరైనా కాపలా కాస్తేనే. వీళ్ళు నిద్రపోతున్నప్పుడు శత్రువు నిద్రపోడు. వాడి పని వాడు చేసుకుపోతాడు. ఈ నియమంతో మా వాడి పగటి నిద్రలు ఆగిపోయాయి.

మూడవ నియమం: మంత్రం వేసేటప్పుడు ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. ఒకటి పడితే, కర్ణుడికి లాగా, ఆ కథ అయ్యేదాకా ఆ మంత్రం మరచిపోయినట్టే.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. ఇరవైలో ఒకటి, అంటే నూటికి 5 సార్లు మరపు వస్తుంది. అది ఏపాటిదిలే అనిపిస్తుంది. కాని నూరుమంది మాంత్రికులను వరసగా నిలబెట్టామనుకోండి. మొదటి మంత్రానికి సుమారు 5గురు మరిచిపోతారు, 95 మంది మిగులుతారు. రెండో మంత్రానికి ఆ 95లో ఇరవయ్యో వంతు పోయి సుమారు 90 మంది మిగులుతారు. ఇలా లెక్క కడుతూ పోతే, అయిదు మంత్రాలూ ఏ తప్పూ లేకుండా వేసేవాళ్ళు 77 మందే. అంటే అయిదు గవ్వలూ వాడే మాంత్రికుల్లో ఇంచుమించు నలుగురిలో ఒకడికి ఎక్కడో ఒకచోట మరపు తప్పదు. చిన్న ప్రమాదమే గదా అని మళ్ళీ మళ్ళీ ఎదురుపోతే, అది చిన్నది కాకుండా పోతుంది. రోడ్డు దాటేటప్పుడు కూడా ఈ లెక్క గుర్తుంచుకోండి.

నాలుగవ నియమం అశ్వత్థామది: మంత్రం వేసే ముందు, దాన్ని ఎలా ఆపుతావో చెప్పాలి. చెప్పలేకపోతే వెయ్యటానికి వీల్లేదు. “పొగమంచు కమ్మిస్తాను” అంటే, “ఆ మంచులో మనం దారి ఎలా చూస్తాం? ఎప్పుడు విడిపోతుంది?” అని మిగిలినవాళ్ళు అడుగుతారు.

అయిదవ నియమం సరంగు పిల్లది. ఆమెను పిలుచుకురావటానికి మా మనవడే పాలెం దాకా వెళ్ళాడు. ఆమె వచ్చి నాలుగు నియమాలూ విని, “ఇంకొకటి ఉండాల,” అన్నది. “మంత్రం వేసే ముందు, చేత్తో ఆ పని చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఒకసారి అడగాల. ఎవరూ లేకుంటేనే గవ్వ తియ్యాల.”

ఎవరూ కాదనలేదు. మిగిలిన నాలుగూ మంత్రాన్ని తగ్గించే నియమాలు. ఈ అయిదోది పక్కనున్న మనిషి వంక తిరిగి చూసే నియమం. నాకు అన్నిటిలోకీ ఇదే నచ్చింది.

చివరికి ఆరవది కలిపారు: సూత్రధారికి కూడా ఇవే నియమాలు. ఆమె కథలో వచ్చే దుష్ట మాంత్రికుడికీ అయిదే గవ్వలు. ఆట మధ్యలో నియమం మార్చకూడదు. ఆట అయ్యాక అందరూ ఒప్పుకుంటేనే మార్చాలి.

“మనం గెలుస్తున్నప్పుడు ఈ నియమాలు ఎందుకు పాటించాలి? ఎవరు చూస్తారు?” అని పక్కింటి కుర్రవాడికి సందేహం వచ్చింది. దానికి సరంగు పిల్లే జవాబు చెప్పింది.

“మా నాన్నకు బోటు ఉంది, వల ఉంది. సముద్రం ఎదురుగానే ఉంది. అయినా ఇప్పుడు వేటకు పోడు. ఎందుకంటా? చేపలు గుడ్లు పెట్టే కాలం. ఒక్కడు పోయినా అందరూ పోతారు. అందరూ పోతే మళ్ళీ చేపలు యాడుంటాయి?”

ఆ పిల్ల చెప్పింది నిజం. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల పాటు మరపడవలు, మోటారు పడవలు వేటకు పోకుండా నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో ఇంట్లో ఇబ్బందిగానే ఉంటుంది. కాని బలమున్నంత మాత్రాన దాన్ని ఎప్పుడూ వాడకూడదన్న సంగతి, బల్ల మీద ఆట నేర్చుకోకముందే ఆ పిల్లకు తెలుసు.

కొత్త నియమాలతో ఆట మొదలయింది. కథలో వీళ్ళు ఒక పెద్ద ఉప్పునీటి సరస్సు మధ్య లంకలో ఉన్న కోటకు పోయి, రాక్షసుడు ఎత్తుకుపోయిన దీపాన్ని తేవాలి. ఆ దీపం లేక ఒడ్డున పడవలు దారి తప్పుతున్నాయి. మాంత్రికుడు తాళం ముందు నిలబడి, గవ్వ మీద వేలు పెట్టి, మళ్ళీ తీసేసి, “ఇది తీసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అన్నాడు. విలుకత్తె బాణం ములుకుతో ప్రయత్నించింది. పాచిక పదహారు పడింది. తలుపు తెరుచుకున్నది. ఆమె సంతోషం చూడాలి!

కోట లోపల రాక్షసుడు కత్తివీరుణ్ణి పట్టుకుని గోడకేసి కొట్టబోయాడు. మాంత్రికుడి దగ్గర ఒక గవ్వా, శంఖమూ మిగిలి ఉన్నాయి. గవ్వ చాలదు. శంఖం తీస్తే తిరుగు ప్రయాణానికి ఏమీ ఉండదు. అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. మా వాడు శంఖం కేసి చూశాడు, పక్కింటి కుర్రవాడి కేసి చూశాడు, శంఖం తీసి బల్ల మధ్య పెట్టాడు. రాక్షసుడు కూలాడు. దీపం చేతికి వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు సరస్సులో గాలివాన పట్టుకున్నది. మాంత్రికుడు మిగిలిన గవ్వతో గాలిని ఆపబోయి పాచిక వేశాడు. ఒకటి! మంత్రం మరిచిపోయాడు. అందరూ ఒక్కసారిగా సరంగు వంక చూశారు.

“గాలి ఏ దిక్కు నుంచి?” అని అడిగిందా పిల్ల.

“ఈశాన్యం నుంచి,” అన్నది సూత్రధారి.

“తెరచాప దించండి. బరువంతా నడుమకు జరపండి. పడవ అడ్డం తిరిగితే పోతాం, ముక్కు అలకు ఎదురుగా ఉండాల. లంగరుకు తాడు పొడుగ్గా వదలండి. గాలి తగ్గిందాకా ఎవరూ లేవగూడదు,” అన్నది. పుస్తకంలో చదివి చెప్పిన మాటలు కావవి. సూత్రధారి ఆ మాటలు విని, ఇంత బాగా చెప్పింది కనక పాచికలో ఎనిమిది దాటితే చాలునన్నది. పద్నాలుగు పడింది. పడవ ఒడ్డు చేరింది.

ఆట అయ్యాక మా మనవడు, “శంఖం దాచుకుని ఉంటే ఈ గాలివానకు భయపడే పనే లేదు,” అన్నాడు.

“దాచుకుని ఉంటే నేను చచ్చేవాణ్ణి గదన్నా!” అన్నాడు కత్తివీరుడు. అందరూ నవ్వారు. ఆ రోజు గీతల కాగితం చూస్తే నలుగురి పేర్ల కిందా గీతలు దాదాపు సమానంగా ఉన్నాయి.

హద్దు ఉంటే పని జరగదనుకునే వాళ్ళకు ఇంకొక నిజం చెబుతాను. మా తీరాన దక్షిణంగా శ్రీహరికోట ఉన్నది. 2022లో జిల్లాలు విడదీయక ముందు అది మా నెల్లూరు జిల్లాలోనిదే. 2023 జూలై 14న అక్కడి నుంచి చంద్రయాన్-3 బయలుదేరి, ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. అంటే సుమారు 40 రోజులు. 1969లో అమెరికా వారి అపోలో-11 నాలుగు రోజుల్లోనే చంద్రుడి మీద దిగింది. ఎందుకీ తేడా? వాళ్ళ రాకెట్టు బరువు 2,900 టన్నులకు అటూ ఇటూ. మనది సుమారు 640 టన్నులు. మన శాస్త్రజ్ఞుల చేతిలో గవ్వలు తక్కువ. అందుచేత వాళ్ళు నౌకను ఒక్క ఊపున చంద్రుడి మీదికి విసరలేదు. భూమి చుట్టూ తిప్పుతూ, సరైన చోట కొంచెం కొంచెం ఇంధనం మండిస్తూ, ఆ చుట్టును ప్రతిసారీ పెద్దది చేస్తూ పోయి, చివరికి చంద్రుడి దారి పట్టించారు. ఉన్న గవ్వలను ఎక్కడ, ఎప్పుడు పెట్టాలో లెక్క తెలియటమే వాళ్ళ మంత్రం.

పిల్లలూ, మీరు కూడా ఇలాంటి ఆట ఆడాలంటే సంచీ నిండా పాచికలు ఉండాలని లేదు. గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలు చాలు. ఇరవై ముఖాల పాచిక లేకపోతే, 1 నుంచి 20 దాకా అంకెలు రాసిన చీటీలు డబ్బాలో వేసి తియ్యండి. తీసిన చీటీ మళ్ళీ డబ్బాలో వెయ్యటం మాత్రం మరవకండి. వెయ్యకపోతే పైన చెప్పిన లెక్క తప్పిపోతుంది. ఎలా తప్పుతుందో మీరే ఆలోచించండి.

మా ఆరు నియమాలు నచ్చితే వాడుకోండి, నచ్చకపోతే మార్చుకోండి. నియమాలు మాత్రం ఆటకు ముందే, అందరూ కూర్చుని పెట్టుకోండి. ఎక్కువ బలమున్న వాడిని కూడా ఆ కూర్పులో చేర్చుకోండి. వాడి చేతనే హద్దు గీయిస్తే, దాన్ని వాడే అందరికన్నా శ్రద్ధగా కాపాడతాడు. ఇక ఒక కాగితం పక్కన పెట్టుకుని ఎవరెవరు ఎన్నిసార్లు పాచిక వేశారో గీతలు పెట్టండి. ఎవరి పేరు కిందనైనా గీతలు మరీ తక్కువగా కనిపిస్తే, రేపటి ఆటకు ఏ నియమం కావాలో ముందు ఆ పిల్లనో, పిల్లవాణ్ణో అడగండి.